మీసం రాని మాత్ర

ఓటు హక్కు వచ్చిన ఏడాది కూడా నేను బస్సులో హాఫ్ టికెట్టు మీదే తిరిగాను. ఇందులో నా మోసం ఏమీ లేదు. మీసం పెట్టుకుని హాఫ్ టికెట్టు తీసుకుంటే మోసం అవుతుంది. నాకు మీసం లేదు కాబట్టి మోసమూ లేదు. పెద్దముడియం దగ్గరున్న మా ఊళ్ళో బస్సెక్కితే కండక్టరు నన్ను ఆపాదమస్తకం చూసేవాడు. నా విషయంలో ఆపాదమస్తకం అంటే పెద్ద దూరమేమీ కాదు. చూసి, "జమ్మలమడుగు ఒక హాఫు" అని తనలో తాను గొణుక్కుని టికెట్టు చించి చేతిలో పెట్టేవాడు. ఎన్నికల రోజు ఓటు వేద్దామని బడి దగ్గరికి పోతే అప్పటికే నా ఓటు ఎవరో వేసేశారు. మా ఊళ్ళో అది వింత కాదు, చాలామంది ఓట్లు అలాగే పడేవి. ఏజెంటుగా కూర్చున్న మా పెదనాయన నన్ను చూసి, "నీకు ఓటుందని మాకేం తెల్సురా? ఉందని గుర్తుపెట్టుకోని వేసినోడెవడో గాని, వానికి దండం పెట్టు" అన్నాడు.

మాది గొర్రెలు కాసే ఇల్లు. తాత కాలంలో మందే జీవనం. నాయన కాలానికి మందతో పాటు కొంత రేగడి చేను కూడా చేరింది. ఇంట్లో కంబళ్ళకు కొదవ ఉండేది కాదు. మాడు పగిలే ఎండలో మగవాళ్ళంతా చొక్కాలు విప్పి నీడ వెతుక్కుంటుంటే, నేను నల్ల కంబళి ఒకటి కప్పుకుని అరుగు మీద ఎండ పడే చోటు చూసి కూర్చునేవాణ్ణి. నాకు చలి. వినేవాళ్ళకు నవ్వు వస్తుంది గాని నాకు నిజంగానే చలి. చర్మం ఎండాకాలపు రేగడిలా బీటలు వారి ఉండేది. మొహం పొద్దస్తమానం అప్పుడే నిద్ర లేచినట్టు ఉబ్బి ఉండేది. మెడ ముందువైపు కొంచెం ఎత్తు. నడక నిదానం, మాట నిదానం, ఆలోచన అన్నిటికంటే నిదానం. ఎవరైనా జోకు చెబితే అందరూ ఇళ్ళకు పోయాక నవ్వేవాణ్ణి. ఇంటర్మీడియట్‌ను రెండేళ్ళ చదువని ఎవరు లెక్క గట్టారో గాని, నాకు మాత్రం అది కాపురంలాగా ఎంతకీ తెగకుండా సాగింది.

వీటన్నిటికంటే నాయనను బాధపెట్టింది నా పెదవి పైభాగం. అక్కడ ఏమీ లేదు. నాతో బడికి పోయినవాళ్ళు గొంతులు మారి, మీసాలు మొలిచి, కొందరు పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు. నా గొంతు ఇంకా జలుబు చేసిన పిల్లవాడి గొంతే. నాయన గొర్రెల మనిషి గదా, లోకాన్నంతా మంద లెక్కనే చూసేవాడు. ఒకరోజు నా ముందే అమ్మతో అన్నాడు.

"విత్తులు కొట్టిన పొట్టేలికి కొమ్ములు రావు, కోపం రాదు, ఊరికే కొవ్వు పడ్తాది. వీన్నెవురూ ఏమీ చేయలే గదా, వీడెందుకు ఇట్ల తయారైనాడు?"

"నిదానంగా వస్తాడులే. వానికేం తొందర?" అంది అమ్మ.

"నిదానమే వీని జబ్బు గదమే!"

నాయన తనకు తెలియకుండానే సరైన రోగనిర్ధారణ చేశాడని నాకు తరవాత అర్థమైంది.

నాయన ఒక పార్టీ మనిషి. మావైపు పార్టీ అంటే జెండా కాదు, మనుషులు. జెండాలు ఎన్నికకొకసారి మారేవి, మనుషులు మారేవారు కాదు. మా ఊరికీ జమ్మలమడుగుకూ నడిమధ్య బస్సు ఆగే పెద్ద ఊరు ఒకటి అవతలి పార్టీది. ఆ ఊరి టీ అంగడి ముందు బస్సు ఆగగానే నలుగురు మనుషులు ఎక్కి సీట్ల వెంట ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ పోయేవారు. మా ఊరి మగవాళ్ళు ఆ బస్సు ఎక్కడం మానేసి చాలా కాలమైంది. పోక తప్పనప్పుడు ట్రాక్టరు మీద గుంపుగా చుట్టూ తిరిగి పోయేవారు. కానీ ఆడవాళ్ళనూ పిల్లలనూ ముట్టరాదని రెండువైపులా ఒక కట్టుబాటు ఉండేది. మా దారిలో అది తప్పడం నేను చూడలేదు. ఇక పిల్లవాడెవరు, పెద్దవాడెవరు అన్నది ఎలా తేలాలి? పుట్టినతేదీ సర్టిఫికెట్లు ఎవరడుగుతారు? మీసమే గుర్తింపు కార్డు.

ఆ కార్డు లేని నేను అలా అక్కరకు వచ్చాను. నాయన పార్టీ గొడవల్లో మీద పడిన ఒక కేసు వల్ల జమ్మలమడుగులో తమ నాయకుడి ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ క్యారియర్‌లో సంగటి, దాంతోపాటు నోటి మాటగా నాలుగు కబుర్లు నేనే మోసేవాణ్ణి. బస్సెక్కిన అవతలి ఊరి మనుషుల్లో ఒక గళ్ళ తువాల మామ నన్ను చూడగానే నవ్వేవాడు.

"ఏమబ్బీ, ఈ ఎండలో కంబళేందిరా?"

"చలి మామా."

"చలంటరా! రేయ్, వీనికి చలంట! యాడికి పోతాండావు?"

"మా నాయనకు సంగటి ఇచ్చేకి."

"ఇచ్చిరా పో. మీ నాయనకు మేమడిగినామని చెప్పు." అందరూ పగలబడి నవ్వేవారు. ఒకసారి టీ అంగడి నుంచి మురుకులు తెప్పించి నా కంబళిలో పోశాడు. కబుర్లు మోసుకుపోతున్న నాయన పార్టీ మనిషిని నేనే. దారి పొడుగునా అవతలి పార్టీ మురుకులు తిన్నదీ నేనే. సంధి అనే మాట వినబడితే నాకు ఇప్పటికీ ఆ మురుకులే గుర్తుకొస్తాయి.

ఆ ఇంట్లో ఒకనాడు నాయకుడు పదిమంది ముందు నన్ను చూసి, "మీ చిన్నోడా? లోపల మా మనవలు గోలీలాడుతాండారు, పొయ్యి ఆడుకోమను" అన్నాడు. నేను సంతోషంగా పోయి ఆడుకున్నాను. రెండు ఆటలు గెలిచాను కూడా. తిరిగి వచ్చేసరికి నాయన మొహం నల్లబడి ఉంది. సాయంత్రం నన్ను పంపిస్తూ, "మీ అమ్మకు చెప్పు. ఈ వారంలో ప్రొద్దుటూరుకు పొయ్యి డాక్టరుకు చూపించమను" అన్నాడు. ఆ కేసు వల్ల నాయన ప్రొద్దుటూరులో అడుగు పెట్టే పరిస్థితి లేదు. అందుకే నన్ను తీసుకుని అమ్మే బయలుదేరింది. ఈ ఒక్క ఏర్పాటు మీదే తరవాతి కథంతా నడిచింది.

డాక్టరు గారు గోదావరి వైపు మనిషి. ప్రొద్దుటూరు వచ్చిన కొత్తలో బాంబు దెబ్బలకు కుట్లు వేస్తూ వేస్తూ మా జిల్లా రాజకీయమంతా నేర్చుకున్నారని చెప్పుకునేవారు. నన్ను చూశారు, మెడ పట్టి చూశారు, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి కాలు ఎంత బద్ధకంగా లేచిందో చూసి కళ్ళు పెద్దవి చేశారు. తరవాత ఎక్కడెక్కడో చూశారు. అది రాయను. రక్తం తీసి మద్రాసు పంపారు. ఫలితం రావడానికి పట్టిన రోజుల్లో అమ్మ నాకోసం మొక్కులు మొక్కుతుందనుకున్నాను. ఒక్కటీ మొక్కలేదు. అప్పుడది నాకు తోచలేదు. నాకు ఏదైనా తోచడానికి టైం పట్టేదని చెప్పాను గదా.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు గారు కాగితం చూసి మా ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"చూడమ్మా, మీవాడికి గొంతు దగ్గరుండే గ్రంథి పనిచెయ్యట్లేదు. థైరాయిడ్ అంటారు. ఒంట్లో వేడి, చురుకు, ఎదుగుదల అన్నీ అది ఇచ్చే పదార్థం మీదే ఆధారపడతాయి."

"తైరాడా?" అంది అమ్మ.

"అదే అనుకోండి. అది తనంతట తాను పనిచెయ్యదు. మీకు తెలిసిన లెక్కలో చెబుతాను. మెదడు లోపల ఒక చోటుంది. అది హైదరాబాదులో ఉండే పెద్దాయన. గడప దాటడు, చిన్న మాట పంపుతాడంతే. మెదడు కింద శనగ గింజంత గ్రంథి ఇంకోటి వేలాడుతూ ఉంటుంది. అది జమ్మలమడుగులో ఉండే నడిమి నాయకుడు. ఆయనకు పై నుంచి మాట రాగానే కింద ఊళ్ళకు హుకుం పంపుతాడు. మెడలో ఉన్న గ్రంథి ఒక ఊరు. మగపిల్లలకు మీసం, గొంతు, మగతనం ఇచ్చే గ్రంథులు ఇంకో ఊరు. ఎవరి హుకుం వాళ్ళకి విడిగా పోతుంది."

"మా నాయకుడు గూడా అంతే సారూ" అన్నాను, నాకు అర్థమైందని చూపించుకోవడానికి.

"కానీ ఒక్క తేడా ఉంది బాబూ. ఒంట్లో పని జరిగితే జరిగిందని కింది నుంచి పైకి కబురు పోతుంది. కబురు అందగానే పైవాళ్ళు నోరు మూసుకుంటారు. మీ నాయకులకు లేనిది అదే. ఇప్పుడు మీవాడి విషయంలో ఏమైందంటే, మెడ ఊరు చచ్చుబడిపోయింది. పని జరగలేదు, కబురు పోలేదు. దాంతో పెద్దాయనా నడిమి నాయకుడూ గొంతు చించుకుని అరుస్తున్నారు. ఈ కాగితంలో పెద్ద అంకె ఉంది చూడండి, అది ఆ అరుపే. ఒక ఊరి మీద అరిచి అరిచీ వాళ్ళకు రెండో ఊరిని పట్టించుకునే తీరిక లేదు. అందుకే దానికీ సరైన హుకుం పోవట్లేదు. మీసం రాలేదు."

"అయితే?" అంది అమ్మ.

"అయితే ఏముందమ్మా, మెడ ఇవ్వాల్సిన పదార్థాన్నే మాత్రగా ఇస్తాం. పని జరిగిందని పైకి కబురు పోతుంది, అరుపులు తగ్గుతాయి, రెండో ఊరు కూడా దారిలో పడుతుంది. ఎత్తు పెరుగుతాడు, గొంతు మారుతుంది, మీసం వస్తుంది. రేపు పిల్లలు కూడా పుడతారు."

నేను సంబరంగా అమ్మ వైపు చూశాను. అమ్మ మొహంలో సంబరం లేదు. లెక్కలు చూసుకుంటున్న మనిషిలా ఉంది. ఎలా వేసుకోవాలో డాక్టరు గారు అమ్మకు చెప్పడం మొదలుపెట్టారు. ఇంతలో కాంపౌండరు నన్ను బరువు తూయడానికి పక్కగదికి తీసుకుపోయాడు.

తిరుగు బస్సులో నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజుకు అదే ఎక్కువ. ఒంట్లో కబుర్లు మోసే పదార్థం కరువై నేను ఇలా మిగిలాను. ఇలా మిగిలినందువల్లే ఊళ్ళో కబుర్లు మోసే పని నాకు దొరికింది. లోపల లేని ఉద్యోగాన్ని బయట చేస్తున్నానన్నమాట. మెదడులో నడిమి అక్షరం తీసేస్తే దాదాపు మెడే మిగులుతుంది. నాకు ఆ రెండింటికీ మధ్యనే మాటలు తెగాయి.

మరుసటి రోజు నుంచి మాత్ర మొదలైంది. తెల్లటి చిన్న బిళ్ళ. అమ్మ తెల్లవారగానే ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో చెంబెడు రాగి జావతో నా మంచం దగ్గరికి వచ్చేది. జావలో గేదె పాలు కూడా కలిపేది. "వట్టి కడుపున మందు వేస్తే కడుపు మండుతాది. జావతో మింగు. మొత్తం తాగు" అని చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడేది. ఎన్నడూ ఒకరి నోటికి చెంబు పట్టి తాగించే తీరిక లేని మనిషి, గేదె పాలు పితకడం కూడా ఆపి నా దగ్గర నిలబడటం చూసి నేను మురిసిపోయాను. జబ్బు రావడం మంచిదేనని కూడా అనుకున్నాను.

మాత్ర మాత్రం పనిచేయలేదు. నెలలు గడిచాయి. కంబళి అలాగే ఉంది, హాఫ్ టికెట్టు అలాగే ఉంది. మళ్ళీ రక్తం తీశారు. అంకె కొంచెం తగ్గిందంతే. డాక్టరు గారు మోతాదు పెంచారు. జావ చెంబు కూడా పెద్దదైంది. మూడోసారి కాగితం చూసి ఆయన తల పట్టుకున్నారు.

"ఇంత మందు వేస్తుంటే పైనుంచి అరుపులు ఇంకా ఆగలేదేమిటి? మాత్ర కడుపులోకి పోతోంది గదా బాబూ? ఎలా వేసుకుంటున్నావ్?"

"జావతో సార్. రాగి జావ, పాలు. మా అమ్మ శానా చిక్కగా చేస్తాది."

ఆయన కలం కింద పెట్టారు. నెమ్మదిగా అమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, రాగులూ పాలూ ఉంటే ఈ మందు ఒంటికి పట్టదని, ఒట్టి నీళ్ళతో వేసి గంటసేపు ఏమీ పెట్టొద్దని మొదటి రోజే చెప్పాను గదా?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మర్చిపోయారా?"

"మర్చిపోలే సారూ" అంది అమ్మ. "మీరు చెప్పింది బాగా గుర్తుంది. అందుకే జావతో ఇచ్చినా."

నాకు అర్థం కాలేదు. డాక్టరు గారికీ అర్థం కాలేదు. ఆ ఒక్కసారి నేనూ చదువుకున్న మనిషీ సమానమయ్యాము.

అమ్మ తల ఎత్తి ఆయననే చూస్తూ చెప్పింది. ఆమె పుట్టిల్లు సింహాద్రిపురం వైపు. ఆమె తమ్ముడు, మా చిన్నమామ, మీసం మొలిచిన ఏడాది చీనీ కాయలు అమ్మేదానికి పులివెందుల పోయి తిరిగి వస్తుంటే దారిలో బస్సు ఆపారు. ముందటేడు అదే దారిలో అదే మనుషులు వాణ్ణి "పిల్లోడు, పోనీ" అని వదిలిపెట్టారు. ఈసారి వదల్లేదు.

"నడుమ ఒక్క ఏడాదే సారూ. ఆ ఏడాదిలో వానికి వచ్చింది మీసమొక్కటే" అంది అమ్మ. "వీనికి రాకుంటే నాకేం నష్టం? చలంటే కంబళి కప్పుతా. చదువు రాకుంటే మంద ఉండాది. మీరు వీనికి ప్రాణం బాగయ్యే మందు ఈండి. చురుకు రానీ, పొడుగు కానీ. మీసం మాత్రం రాకుండా ఇచ్చే మాత్ర ఏమన్నా ఉందా?"

డాక్టరు గారు కాగితం మడిచి పక్కన పెట్టారు. ఆయన చేతిలో ఎన్నో కుట్లు పడిన మనుషులు ఆయనకు గుర్తొచ్చి ఉంటారు. చివరికి, అరుపు లేకుండా చెప్పారు. "లేదమ్మా. నేను ఊళ్ళని విడదీసి చెప్పాను గానీ ఒంట్లో అవి విడిగా ఉండవు. ఒకటి బాగైతే రెండోది బాగవుతుంది. మందు పట్టకపోతే మీసం రాకపోవడమొక్కటే కాదు. గుండె కూడా ఇలాగే నిదానిస్తూ పోతుంది. ఒక చలికాలంలో నిద్ర నుంచి లేవకపోవచ్చు. మీరు ఒక భయానికి కాపలా కాస్తూ ఇంకో దాన్ని లోపలికి రానిస్తున్నారు."

బయటికి వచ్చాక అమ్మ నన్ను ఒక హోటల్లో కూర్చోబెట్టి రెండు కారం దోశలు చెప్పింది. తను తినలేదు. నేను నా దోశ తిని, ఆమె దోశ కూడా తిన్నాను. మనసు బరువుగా ఉంది గాని ఆకలి వేరే ఊరు గదా. అమ్మ నన్ను చూస్తూనే ఉంది.

"కోపమొచ్చిందా?" అని అడిగింది.

నాకు కోపం రావాలని నేను కూడా కాసేపు ప్రయత్నం చేశాను. రాలేదు. కోపానికి కూడా ఆ మాత్రే కావాలేమో. "జావ బాగుండె మా" అన్నాను. అమ్మ ముందు నవ్వింది, తరవాత కొంగు కళ్ళకు పెట్టుకుంది, తరవాత లేచి దుడ్లు ఇచ్చేసి, "రా" అంది.

తీసుకుపోయింది ఒక సందులోకి. అక్కడ మిషను కుట్టే ఒక సాయిబులామె ఉండేది. అమ్మ రవికెలు ఆమే కుట్టేది. నేను ఆమెను ఆపా అనేవాణ్ణి. భర్త కువైట్‌లో ఉండేవాడు. ఇంటి ముందుగది ఖాళీ. అమ్మ నిలబడే అడిగేసింది.

"ఆపా, వీడు ఇంగ ఈడనే ఉంటాడు. పొద్దున్నే లేపి మాత్ర వెయ్యాల. వట్టి నీళ్ళు. గంటసేపు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ఈయాకు. అడిగినా ఈయాకు."

"అరే, ఉండనీ అక్కా. నా కాడ ఉంటే ఎవురేం చేస్తారు? సూదులుండాయి నా కాడ!" అంది ఆపా.

"మీసమొస్తే వెంటనే గొరిగించాల."

ఆపా నన్ను పైకీ కిందికీ చూసి, "ఇంషా అల్లా, రానీ ముందు" అంది.

మాత్ర అదే, మనిషిని నేనే. జావ ఒక్కటే లేదు. కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం నా ఒంటి మీద ఏదో పాకుతున్నట్టయి ఉలిక్కిపడి చూస్తే చెమట. నా సొంత చెమట! ఆపాకు చూపించడానికి మిషను దగ్గరికి పరుగెత్తాను. నేను పరుగెత్తానన్న సంగతి ఇద్దరమూ కాసేపటికి గమనించాము. కంబళి మడిచి అటక మీద పెట్టింది. తరవాత నేను పెరగడం మొదలుపెట్టాను. ఆపా నాకు కుట్టిన ప్యాంట్ల మడతలు విప్పీ విప్పీ విసిగిపోయి, "పోయిన నెల కొల్తలు ఈ నెలకు పనికిరావాయె! మీ అమ్మను గుడ్డ తెమ్మను, మనిషిని తెచ్చి వదిలితే అయిపోయిందా?" అని కేకలేసేది. జోకులకు అప్పటికప్పుడే నవ్వడం నేర్చుకున్నాను. ఇంటర్ కూడా గట్టెక్కింది. గొంతు మారిన రోజు ఆపా వంటింట్లోంచి, "ఎవురు వచ్చినారు?" అని అడిగింది. "నేనే ఆపా" అన్నాను. నాకే భయమేసింది.

అమ్మ సంత రోజుల్లో వచ్చేది. వచ్చి ముందు నా పెదవి పైన వేలితో రాసి చూసేది. మొదట్లో ఏమీ లేనందుకు ఆమె ఊపిరి వదిలేది. ఒకరోజు వేలు ఆగింది. నూగు. ఆ రోజు నా కోసం తెచ్చిన నెయ్యి డబ్బా ఇవ్వకుండానే మళ్ళీ పట్టుకుపోయింది. అంత తడబడింది.

అప్పట్లోనే అవ్వ నన్ను చూడాలని పట్టుబట్టడంతో అమ్మ నన్ను ఊరికి తీసుకుపోవాల్సి వచ్చింది. జమ్మలమడుగులో మా ఊరి బస్సెక్కాము. పాత కండక్టరే. "ఒకటిన్నరా?" అని అడుగుతూనే నన్ను చూసి ఆగిపోయాడు. అమ్మే చెప్పింది. "రెండు ఫుల్లు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఉందో, వణుకు ఉందో నేను తేల్చుకోలేకపోయాను. రెండూ ఉన్నాయి.

టీ అంగడి ముందు బస్సు ఆగింది. నలుగురూ ఎక్కారు. అమ్మ నా చేయి పట్టుకోలేదు. పట్టుకుంటే పట్టుకోవాల్సిన మనిషని తెలిసిపోతుంది గదా. గళ్ళ తువాల మామ మా సీటు దగ్గర ఆగాడు.

"ఎవురమ్మా ఈ పిల్లోడు?"

"నా కొడుకే."

"నీ కొడుకు కంబళి కప్పుకునే పొట్టోడు గదా?"

"వాడే వీడు" అంది అమ్మ.

అతను వంగి నా మొహంలోకి చూశాడు. "చలి పోయిందా అబ్బీ?"

"పోయింది మామా" అన్నాను నా కొత్త గొంతుతో.

అతను ఉలిక్కిపడ్డాడు. వెనకున్న ముగ్గురూ నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ ఆ నవ్వు మొహం మీద ఎక్కువసేపు లేదు. కిందికి దిగి, టీ అంగడి నుంచి పొట్లం ఒకటి తెచ్చి కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టాడు. మురుకులు. నన్ను కాదు, అమ్మను చూస్తూ మెల్లిగా చెప్పాడు. "ఇదే ఆఖరు తల్లీ. ఇంగ వీన్ని ఈ దావన తీసకరావాకు. నేనున్న రోజు ఉంటా, లేని రోజు ఉండను."

అమ్మ అతనికి దండం పెట్టింది. బస్సు కదిలింది. ఆ రోజు అవ్వను చూసి, మరుసటి రోజు ట్రాక్టరు మీద చుట్టూ తిరిగి ప్రొద్దుటూరు చేరాను. దారిలో జమ్మలమడుగులో ఆగితే నాయన నన్ను చూసి నా భుజం ఎత్తును తన భుజంతో కొలుచుకున్నాడు, తృప్తిగా మీసం దువ్వుకున్నాడు, తనదే. నన్ను తన పక్కన తిప్పుకోవాలని ఆయనకు ఉండేది. "వాడు నడవాల్సిన దావ వేరే" అని అమ్మ ఒక్క మాటతో తెగ్గొట్టింది. ఆ రోజుల్లో మా ఇంట్లో హైదరాబాదు పెద్దాయన అమ్మే.

అలా నేను ప్రొద్దుటూరులోనే ఉండిపోయాను. డిగ్రీ చదివి గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం సంపాదించాను. గ్రంథి చెడితే గ్రంథాల మధ్య పడ్డానని ఆఫీసులో చెప్పి నవ్వించబోతుంటాను. ఎవరూ నవ్వరు, ఇప్పుడు నిదానం వాళ్ళది. పులివెందుల పిల్లను పెళ్ళి చేసుకున్నాను. చూపుల్లో నన్ను చూసి వాళ్ళ చిన్నాన్న ఒకరు, "మీసం గొరిగినాడే, సినిమాల్లో పంజేస్తాడా?" అని అడిగారట. ఇద్దరు పిల్లలు పుట్టారు. నాయన మీది కేసు కొట్టేశాక ఆయన మళ్ళీ మంద వెంట పోయాడు. పార్టీలు ఉన్నాయి, ఎన్నికలు ఉన్నాయి. బస్సులో ఎక్కి మొహాలు చూసే మనుషులు మాత్రం మెల్లిమెల్లిగా తగ్గిపోయారు. గళ్ళ తువాల మామ మనవడు ఇప్పుడు మా గ్రంథాలయానికి పోటీ పరీక్షల పుస్తకాల కోసం వస్తుంటాడు. ఒత్తైన గడ్డం.

నేను మాత్రం రోజూ గొరుక్కోవడం మానలేదు. అమ్మ మాట అలవాటుగా మారింది. అమ్మ ఇప్పుడు మాతోనే ఉంటుంది. మొన్న ఒకరోజు నేను అద్దం ముందు సబ్బు పూసుకుంటుంటే వెనక నిలబడి, "ఈసారి ఉండనీరా, చూస్తా" అంది.

"ఏంది మా?"

"మీసం. ఇంగ ఎవురు చూస్తారు దాన్ని, నేను తప్ప?"

ఉండనిచ్చాను. ఇన్నేళ్ళకు స్వేచ్ఛ దొరికిన మీసం ఎంత వీరావేశంగా వస్తుందోనని నేను ఎదురుచూశాను. అది తీరిగ్గా, పలచగా, సగానికి సగం తెల్లగా వచ్చింది. నా భార్య చూసి, "పెరుగన్నం తిని తుడుచుకోలేదేమో అనుకున్నా" అంది. నేను గొరిగేయబోతుంటే అమ్మ ఆపింది. దగ్గరికి వచ్చి, ప్రొద్దుటూరు సంత రోజుల్లో రాసినట్టే పెదవి పైన వేలితో రాసింది.

"నెరిసింది" అంది.

"అవును మా, ముసలోణ్ణైతి."

"మా తమ్ముని మీసం నెరవనే లే. నల్లగానే పాయ." కాసేపు అలాగే చూసింది. "నీది నెరిసింది. సంతోషం రా."

మరుసటి రోజు తెల్లవారి అమ్మే వచ్చి లేపింది. ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో గ్లాసు. నేను ఊరికే ఆటపట్టించడానికి, "జావ లేదా మా?" అని అడిగాను.

"వట్టి నీళ్ళే" అంది. "మింగు." నేను మింగేదాకా అక్కడే నిలబడింది. తరవాత వంటింటి గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని, గంటసేపు నా దరిదాపుల్లోకి కాఫీని రానివ్వలేదు.